నేలకు పోసిన గ్లాసులు

మా చెల్లెలు నెలీదాకి ఇప్పుడు తలుపున్న గది, తిరిగే కుర్చీ ఉన్నాయి. ఆ కుర్చీ కాళ్ళు మా వీధి వీపు మీద ఆని ఉన్నాయని నేను ఎవరి ముందైనా అంటాను. దాని మొహం మీదే అన్నాను కూడా. ఇదంతా ఒక్క వానాకాలంలో జరిగిపోయింది.

మా బొలీవియా కొండల మీద వానలు క్రిస్మస్ దాటాక ముదురుతాయి. మా ఊరు కొల్యపంపలో వడగళ్ళు మొదలైతే ఆడవాళ్ళు ముందు నెత్తి మీది టోపీకి ప్లాస్టిక్ కవరు తొడుగుతారు, ఆ తర్వాతే వీపున కట్టుకున్న పిల్లను చూసుకుంటారు. తప్పు పట్టకండి. తడిసిన పిల్ల ఆరుతుంది, తడిసిన టోపీ ఆరినా పాత రూపు రాదు. ఆ రూపు తెప్పించడమే నా పని. గుండ్రటి ఉన్ని టోపీకి ఆవిరి పట్టి, చెక్క తలకు తొడిగి, జిగురు నీళ్ళు రాసి, తడిగుడ్డ మీద ఇస్త్రీ పెట్టి మళ్ళీ నిలబెడతాను. కార్నివాల్ పండుగ ముందు రోజుల్లో నా వెనక గదిలో కాలు పెట్టడానికి చోటుండదు.

వీధి గుమ్మానికి మాత్రం బోర్డు లేదు. మా వీధిలో ఏ ఇంటికీ లేదు. బోర్డు పెడితే ముందు మర్యాదగా అడిగేవాళ్ళు వస్తారు, వాళ్ళ వెనకే మర్యాద లేనివాళ్ళు వస్తారు. మా పక్కింటి ప్రిమితీవా వదినకు పెరట్లో కట్టెల పొయ్యి ఉంది, నిలబడి చేతులు చాపినంత పొయ్యి. వీధి మొత్తం ఆమె రొట్టె తినే పనికి పోయేది. ఇళ్ళ మధ్య కట్టెల పొయ్యి పెట్టకూడదని ఊళ్ళో నిబంధన ఉంది. ఆమె మొగుడు పోయాడు, కూతురు పోయింది, మనవలు మిగిలారు. ఆ పొయ్యి మూస్తే ఆ పిల్లల నోరు మూసినట్టే. రొట్టె వాసన దాచడం ఎవరి తరమూ కాదు గానీ, ఆమె తెల్లవారుజామునే కాల్చేసి పొయ్యికి రేకు అడ్డం పెట్టేది. ఆఫీసు మనుషులు ఎండెక్కితే గానీ మా వైపు రారు.

అలా ఎండెక్కాకే ఒకరోజు నెలీదా వచ్చింది. ఆకుపచ్చ చేతుల్లేని కోటు, మెడలో ఫోటో ఉన్న బిళ్ళ, చేతిలో వేలితో నొక్కి రాసే అద్దం పలక. చిన్నచిన్న వ్యాపారాలు ఊళ్ళో ఎన్ని ఉన్నాయి, ఎంతమంది బతుకుతున్నారు, ఎంత మిగులుతోంది అని లెక్క తీసే పని దానికి తాత్కాలికంగా దొరికింది. మా వీధి కావాలని అదే అడిగి వేయించుకుందట. వేరేవాళ్ళకైతే చెప్పరు, నాకైతే చెబుతారు అనుకుంది పిచ్చిది.

వీధి మొదట్నుంచీ తలుపులు కొట్టుకుంటూ వచ్చింది. నేను కిటికీలోంచి అంతా వింటూనే ఉన్నాను. పాత డబ్బాలు కొట్టి బకెట్లు చేసే హిలారియోన్ మావయ్య సుత్తి వెనక్కి పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"పనా? ఈ వయసులో నాకు పనెవరిస్తారు తల్లీ. ఎండ వస్తే కూర్చుంటా, వాన వస్తే లోపలికి పోతా."

"మరి ఇందాకటిదాకా ఆ చప్పుడేంటి మావయ్యా?"

"మా ఆవిడ. మాంసం దంచుతోంది."

ప్రిమితీవా వదినకు మోచేతుల దాకా పిండి. పిల్లలకి ఒక్క రొట్టె చేసుకుంటున్నానంది. ఒక్క రొట్టెకి అంత పిండా అని అడిగితే, "మా మనవలు ఎంత తింటారో నీకేం తెలుసే, నీకింకా పెళ్ళే కాలేదు," అని తలుపేసింది.

చివరికి నా దగ్గరకొచ్చి, ఉన్న రొట్టె తుంచుకు తిని బల్ల మీద చతికిలబడింది.

"నువ్వైనా నిజం చెప్పవే అక్కా."

"ఏం నిజం కావాలి?"

"నీ వృత్తి?"

"ఇంటిపని."

"మొహం మీద ఆవిరి కొడుతోంది."

"టీ పెడుతున్నా."

"ఇన్ని టోపీలకి టీ పెడుతున్నావా?"

ఇద్దరం నవ్వాం. అది అలా నవ్వితే చిన్నప్పటి మొహమే కనబడుతుంది. మా అమ్మ పోయేనాటికి దానికి నడక కూడా సరిగా రాదు. నా చెక్క తలలే దానికి బొమ్మలు. ఒక్కోదానికి పేరు పెట్టి, జడలు వేసినట్టు దారాలు కట్టి ఆడుకునేది. టోపీల ఆవిరిలో దాన్ని మగ్గనివ్వకూడదని పట్నం పంపి చదివించాను. దాని చదువైనన్నాళ్ళూ నేను కొత్త గౌను కుట్టించుకోలేదు, అది నాకు బాధగానూ లేదు.

"ఆ పలక పక్కన పెట్టు. చెల్లెలికైతే చెబుతా, ఆఫీసుకి చెప్పను," అన్నాను.

పెట్టింది.

"నెలకి ఎంత మిగులుతుందక్కా?"

"ఏ నెల? పండుగ ముందైతే నిద్ర ఉండదు. చలికాలంలో ఈ చెక్క తలలూ నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటాం."

"సగటున చెప్పు."

"సగటున ఎవరు బతుకుతారే? మొన్న ఒకావిడ టోపీ చేయించుకుని ఎండు దుంపలు ఇచ్చింది. అవి ప్రిమితీవా వదినకిస్తే రొట్టె ఇచ్చింది. ఆ రొట్టె ఇందాక నువ్వే తిన్నావు. ఇప్పుడు చెప్పు, నాకెంత మిగిలింది?"

"పనివాళ్ళున్నారా?"

"లేరు."

"జిగురు కాచేదెవరు?"

"మా అత్త."

"అంచుకి రిబ్బను కుట్టేది?"

"హిలారియోన్ మావయ్య కోడలు."

"ఆమెకి జీతం?"

"జీతమేంటే? వాళ్ళ ఇంట్లో పెళ్ళయితే టోపీలన్నీ నేను చూస్తా. వాళ్ళ గోడ పడితే మట్టి తొక్కడానికి నేను పోతా. అంతే."

నెలీదా పలక వైపు చూసి తల అడ్డంగా ఊపింది. "దీనికి ఇందులో గడి లేదక్కా."

"గడి లేకపోతే నన్ను వదిలెయ్యి. నా సంగతి ఎలా ఉన్నా వదిన పొయ్యి ఊసు మాత్రం ఎత్తకు. ఆమె బతుకంతా దాని మీదే ఉంది."

"ఎత్తను. నీ మీద ఒట్టు," అంది. నా చెయ్యి పట్టుకునే అంది.

ఆ రోజు అసలు సంగతులేవీ రాయలేదు. అంతవరకూ నిజమే.

రెండు వారాలు గడిచాయో లేదో, దాని పైఅధికారి ఉర్కీదీ గారు కారేసుకుని మా వీధికి వచ్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు. బురదలో మెరిసే బూట్లతో దిగి, అటూ ఇటూ చూసి, నా గుమ్మం ముందు నిలబెట్టి మరీ నెలీదాని అడిగాడు.

"ఏమ్మా, మీ లెక్క ప్రకారం ఈ వీధిలో ఒక ముసలాయన ఎండలో కూర్చుంటాడు. మిగతావాళ్ళంతా ఇంటిపని చేసుకుంటారు. మరి వీళ్ళంతా గాలి పీల్చి బతుకుతున్నారా?"

"ఎవరూ చెప్పడం లేదు సార్."

"చెప్పరమ్మా. చెప్పేవాళ్ళయితే నేనే ఫోన్ చేసి కనుక్కుందును కదా. కనిపెట్టమనేగా మిమ్మల్ని వేసింది. పండుగ అయ్యేలోగా ఈ కాగితాలు ఇలాగే ఉంటే మీ ఒప్పందం పొడిగించడం నా వల్ల కాదు."

ఆ కారు పోయాక అది నా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. వేరుశెనగ సూపు పోసి ఇచ్చాను. ఏడుస్తూ తాగుతూ పొలమారింది. నెత్తిన తడుతూ, "నెమ్మదే, నెమ్మది. నిన్నెవరో తలుచుకుంటున్నారు," అన్నాను.

"ఉర్కీదీ సారే తలుచుకుంటున్నాడు, తిట్టుకుంటూ," అని ముక్కు చీదుకుంది. గిన్నె దించి, "అక్కా, మీరంతా ఎందుకు భయపడతారే? దేశంలో మీరున్నారని ఎవరికీ తెలియకపోతే మీకు ఎవరు ఏం చేస్తారు?" అంది.

"ఎవరూ ఏమీ చెయ్యకపోవడమే మాకు కావాల్సింది."

"అది బతుకేనా?"

"ఆ బతుకే నిన్ను చదివించింది."

అది సూపులో చెంచా తిప్పుతూ కూర్చుంది. దాని ఏడుపు మొహం చూడలేకపోయాను. అందుకే అన్నాను, పనికిమాలిన నోరు నాది కాబట్టి అన్నాను: "మంగళవారం సెలవే కదా, ఇంటికి రా. అందరం చల్యా చేసుకుంటాం. నీ ఉద్యోగం నిలబెట్టమని నేలతల్లిని నేనే అడుగుతా."

నెలీదా చెంచా పక్కన పెట్టి నా వైపు చూసింది. "ఇప్పటికీ వీధంతా తిరుగుతారా అక్కా? ఇంటింటికీ?"

"తిరక్కపోతే ఎలా? నాలుగు చేతులు పోస్తేనే కదా నిండేది."

కార్నివాల్‌లో మంగళవారం చల్యా. ఎవరికి ఏది అన్నం పెడుతోందో దానికి ఆ రోజు పండుగ. లారీ ఉంటే లారీకి, కుట్టుమిషను ఉంటే మిషనుకి కాగితపు దండలు చుట్టి, రంగుకాగితం ముక్కలు చల్లి, మూలమూలనా బీరు, సారా చిలకరిస్తాం. బొగ్గుల మీద కొవ్వు, చక్కెర బిళ్ళలు వేసి పొగ పెడతాం. గ్లాసు అందుకున్నవాళ్ళు ముందు కాస్త నేలకు పోసి, మిగతాది తాము తాగాలి. ఆ రోజు తలుపులు మూయకూడదు. వచ్చినవాళ్ళు అడుగుతారు: పోయినేడు ఎంత చేశావు, ఎన్ని ఉన్నాయి నీకు? ఉన్నది ఉన్నట్టు గట్టిగా చెప్పాలి. అప్పుడు వాళ్ళు, దానికి రెట్టింపు కావాలి అని నేలకు పోస్తారు. తగ్గించి చెబితే నేలతల్లి తగ్గించిన దానికే రెట్టింపు ఇస్తుంది. అందుకని ఏడాది పొడుగునా పేదరికం నటించే మా వీధి ఆ ఒక్క రోజు మాత్రం అణాపైసలతో నిజం చెబుతుంది. దేవత ముందు ఎవరైనా బీదరుపులు అరుస్తారా?

నెలీదా పొద్దున్నే వచ్చింది. ఆకుపచ్చ కోటు లేదు, మెడలో బిళ్ళ లేదు. మా అమ్మ గౌను నన్ను అడిగి వేసుకుంది. అలాంటివి అది వేసుకోవడం మానేసి ఎన్నేళ్ళయిందో. నేను దాని నెత్తిన నేను చేసిన టోపీ పెట్టి కాస్త పక్కకు వంచాను. అద్దంలో చూసుకుని, "అమ్మలా ఉన్నానా?" అంది. నా కళ్ళు చెమర్చాయి. ఆ కన్నీళ్ళు తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ముందు నా వెనక గదిలో చేశాం. నా చెక్క తలలన్నిటికీ తనే దండలు వేసింది, చిన్నప్పటి పేర్లతో పలకరిస్తూ. పండుగకు ఎన్ని టోపీలు చేశానో గట్టిగా అడిగింది, నేను గట్టిగా చెప్పాను. రెట్టింపు కావాలని గ్లాసు నేలకు వంచింది. ఒక్క చుక్క మిగల్చకుండా మొత్తం పోసేసింది.

"నీ వాటా ఏదే?" అంది మా అత్త.

"అంతా అమ్మకే," అంది నెలీదా.

"పట్నం పోయినా భక్తి పోలేదు పిల్లకి," అని మా అత్త మురిసిపోయింది.

తర్వాత పళ్ళెంలో కోకా ఆకులు, కాగితం ముక్కలు, సీసా పట్టుకుని వీధిలోకి బయలుదేరాం. దాని చెయ్యి నా చేతిలో ఉంది. హిలారియోన్ మావయ్య మొదటి గ్లాసుకే ఊగుతున్నాడు. సుత్తికి కూడా దండ వేశాడు.

"ఏం మావయ్యా, అత్త మాంసం బాగా దంచిందా?" అంది నెలీదా.

"దంచింది, దంచింది. వారానికి ఎన్ని బకెట్లు దంచిందో లెక్క చెప్పనా?" అని చెప్పేశాడు. ఎన్ని సంతలకు పోతాయో, కొడుకు ఎంత రేకు తెస్తాడో, కోడలు బకెట్లకు ఎన్ని చెవులు అతుకుతుందో అన్నీ చెప్పాడు. అందరం నవ్వి రెట్టింపు కావాలన్నాం. నెలీదా గ్లాసు మొత్తం నేలకు పోసింది.

ప్రతి ఇంట్లోనూ అంతే. నేను మూడో ఇంటికే తేలిపోతున్నాను. దాని కాలు మాత్రం తడబడలేదు. ఏ ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారో, చేతులెన్ని, మిషన్లెన్ని, పండుగ మాటల్లో కలిపేసి కమ్మగా అడుగుతోంది. ఆ గొంతు మా అమ్మదే.

ప్రిమితీవా వదిన గుమ్మంలో తటపటాయించింది. పెరటి తలుపు సగమే తెరిచి నన్ను పక్కకు పిలిచింది.

"ఆఫీసు పిల్ల కదే సెవెరీనా."

"ఇవాళ ఆఫీసెక్కడిది వదినా. నా చెల్లెలు. నా చేతుల్లో పెరిగింది."

వదిన ఒక క్షణం నా మొహం చూసింది, తలుపు పూర్తిగా తెరిచింది. పెరట్లో పొయ్యికి పెళ్ళికూతురికి చేసినంత అలంకారం. చుట్టూ పసుపు, గులాబీ రంగుల దండలు, ముందు పీచ్ పండ్లు, తల మీద పూలు. మనవలు బొగ్గుల పొగ ఊదుతున్నారు. వదిన టోపీ తీసి చంకలో పెట్టుకుని పొయ్యికి దణ్ణం పెట్టింది. వాయికి ఎన్ని రొట్టెలు, రోజుకి ఎన్ని వాయిలు, ఏ దుకాణాలకు పోతాయి, కట్టెలు ఎక్కడివి, అన్నీ నేలతల్లికి చెప్పుకుంది. చెప్పి, "ఈ ఒక్కటీ ఉండనియ్యి తల్లీ, ఇంకేం అడగను," అంది.

"రెట్టింపు కావాలి," అంది నెలీదా. సారా మొత్తం పొయ్యి పాదాల దగ్గర పోసింది. వదిన దాన్ని దగ్గరకు తీసుకుని రెండు బుగ్గలకూ పిండి అంటేలా ముద్దు పెట్టుకుంది.

పండుగ పోయింది. దండలు వానకి కారి గోడలన్నీ రంగు చారలయ్యాయి. నెలీదా ఫోన్ చేసి ఒప్పందం పొడిగించారని చెప్పింది. నేలతల్లి విన్నదనుకుని నేను కొవ్వొత్తి కూడా వెలిగించాను. చూశారా, ఎంత వెర్రిదాన్నో.

పండుగ మర్నాటి నుంచి ఈస్టర్ దాకా ఉండే ఉపవాస దినాలు సగం గడిచాక ఒక పొద్దున తలుపుల మీద చిన్న చిన్న నంబరు బిళ్ళలు అంటించి పోయారు. అన్ని తలుపుల మీదా కాదు, పని నడిచే ఇళ్ళ మీదే. ఒక్క ఇల్లు తప్పలేదు, ఒక్క ఇల్లు ఎక్కువ కాలేదు. వీధి మలుపులో ఖాళీగా ఉండే ఇంటిని వదిలేశారు. వెనక సందులోంచి తప్ప కనబడని చెప్పులు కుట్టే మనిషి తలుపును పట్టుకున్నారు. హిలారియోన్ మావయ్య బిళ్ళను గోటితో గీకుతూ, "ఈ మొనగాళ్ళకి గోడల్లోంచి కనబడుతుందా?" అన్నాడు. నాకు అప్పుడూ వెలగలేదు.

మరో వారానికి మర్యాద లేనివాళ్ళు వచ్చారు. ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా ప్రిమితీవా వదిన పెరట్లోకి నడిచారు. రేకు పక్కకు లాగి, పొయ్యి నోటికి అడ్డంగా కాగితం పట్టీ అంటించి ముద్ర వేశారు. వదిన అరవలేదు. పొయ్యి ఇంకా వెచ్చగానే ఉందని, లోపల ఒక వాయి ఉందని, అది తీసుకోనిమ్మని మాత్రం అడిగింది. తీయనివ్వలేదు. ఆ రొట్టెలు లోపలే మాడాయి. ఆ మాడువాసన సాయంత్రం దాకా వీధిలో తిరిగింది.

నేను వాళ్ళ గుమ్మం దగ్గరకు పోయాను. తలుపు తీయలేదు. వెనకాల నిలబడి ఉందని ఊపిరిని బట్టి తెలుస్తోంది.

"వదినా, ఎవరు చెప్పారో కనుక్కుంటా. ప్రమాణం చేసి చెబుతున్నా."

"కనుక్కోవడానికేముందే," అంది లోపల్నుంచి, కోపం లేని గొంతుతో. "పెరట్లోకి వచ్చినవాళ్ళు కట్టెలు ఎక్కణ్ణుంచి వస్తాయో కూడా చెప్పారు. ఆ మాట నేను నేలతల్లికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు వింటున్నది మీరే."

నేను తలుపుకి చెయ్యి ఆనించాను, లోపల్నుంచి వదినే మళ్ళీ అంది.

"ఒక్కతే వస్తే నేను తలుపు తీసేదాన్ని కాదు సెవెరీనా. నీ చెయ్యి పట్టుకుని వచ్చింది."

అక్కడ నిలబడే ఉన్నప్పుడు ఆ గ్లాసులన్నీ నాకు ఒకదాని వెనక ఒకటి కనబడ్డాయి. అంతా అమ్మకే అని వంచేసిన గ్లాసులు. వీధి వీధంతా ఊగుతుంటే తడబడని కాలు. తాగితే గుర్తుండదని, గుర్తుండాలనే నేలకు పోసింది. మా అమ్మ గౌను వేసుకుని, నేను వంచిన టోపీ పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని, ఇంటింటికీ తిరిగి లెక్క తీసుకుంది. ఒట్టు వేసిన చెయ్యీ అదే. నన్ను నిలువునా ముంచింది. పరాయివాళ్ళు చేస్తే తిట్టుకుని మరిచిపోదును.

మర్నాటి నుంచి టోపీలు వెనక్కి పోవడం మొదలైంది. ఆవిరి పట్టినవి, సగం ఆరినవి, ఇంకా చెక్క తల మీద ఉన్నవి కూడా అడిగి తీసుకుపోయారు. ఎవరూ పోట్లాడలేదు. "ఇప్పుడంత తొందరేం లేదులే," అని ఒకరు, "మా ఆడపడుచు చూస్తానంది," అని ఒకరు. హిలారియోన్ మావయ్య కోడలు రిబ్బను చుట్టలు బుట్టలో పెట్టి గుమ్మంలో దించి పోయింది. నేను వీధిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. మా అత్త రోజూ జిగురు కాచేది, రోజూ చల్లారాక పారబోసేది. నెలీదాకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎత్తకపోవడమే సమాధానం.

ఈస్టర్ ముందు శనివారం అదే వచ్చింది. కొత్త బూట్లు, చేతిలో పట్నం బేకరీ కవరు. రొట్టె తెచ్చింది. మా వీధికి రొట్టె తెచ్చింది.

"ఉద్యోగం పర్మనెంటు చేశారక్కా," అంది. గుమ్మం దాటడానికి భయపడుతూనే నవ్వింది. "మా జట్టు మొత్తంలో పూర్తి లెక్క వచ్చింది మన వీధి ఒక్కటే. ఎలా చేశావని పెద్ద మీటింగులో నిలబెట్టి అడిగారు."

"చెప్పావా?"

"చెప్పాను. చప్పట్లు కొట్టారు. వచ్చే ఏడాది అన్ని ఊళ్ళలోనూ చల్యా రోజే తీస్తారట."

"కూర్చో," అన్నాను.

కూర్చుంది. గదిలో టోపీలు లేవని అప్పుడు చూసింది. బోడి చెక్క తలల వైపు కాసేపు చూసి గొంతు తగ్గించింది.

"నేను పేర్లు ఇవ్వలేదక్కా. ఇంటి నంబర్లే ఇచ్చా. టౌను ఆఫీసువాళ్ళు అడిగితే సార్ ఇచ్చారు. అలా అవుతుందని నాకు తెలీదు."

"కట్టెలు ఎక్కడివో కూడా రాశావు."

"అది... సరుకు ఎక్కడ కొంటారు అని ఒక గడి ఉంది."

"దానికి గడి ఉందన్నమాట."

తల దించుకుంది. తర్వాత దాని గొంతులో కాస్త పౌరుషం వచ్చింది. "ఇంతకుముందు మీరు దేశం లెక్కలోనే లేరక్కా. ఇప్పుడున్నారు. అప్పులిచ్చేవాళ్ళొస్తారు, శిక్షణ ఇచ్చేవాళ్ళొస్తారు. వదినకి గ్యాసు పొయ్యి ఇప్పించమని నేనే అర్జీ రాస్తా. నేను చేసింది మీకు చెడు చెయ్యాలని కాదు."

"చెడు చెయ్యాలని చేస్తే నాకింత మంట ఉండేది కాదే. నీకు నేను కనబళ్ళేదు చూడు, అదీ నా మంట. నేను కనబళ్ళేదు, నా గుమ్మం కనబడింది. నిన్ను మోసిన వీపు మీద కాలు పెట్టి ఎక్కావు. ఆ కుర్చీ నీకు నిలవాలనే అనుకుంటున్నా. దాని కింద మేమున్నామని మాత్రం ప్రతిరోజూ కూర్చునేటప్పుడు నీకు తెలియాలి."

అది ఏడవడం మొదలుపెట్టింది. నేను ఓదార్చలేదు. లేచి అరలోంచి పండుగ నాటి సీసా తీశాను. అడుగున కాస్త మిగిలింది. గ్లాసులో పోసి దాని చేతికిచ్చాను.

"ఉద్యోగం వచ్చిందన్నావు కదా. ఇదిగో."

గ్లాసు అందుకుంది. ఆ చెయ్యి తనంతట తానే మా మట్టినేల వైపు వంగింది. మణికట్టు పట్టుకుని ఆపాను.

"నేలతల్లికి ఆ రోజే సరిపడా పోశావు. ఇది నీ వాటా. తాగు."

నా మొహంలోకి చూసింది. నేను ఏమీ దాచలేదు, చూడనిచ్చాను. కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో తాగేసింది. వెంటనే పొలమారింది. మొహమంతా ఎర్రబడి, ఊపిరందక బల్ల పట్టుకుని దగ్గుతోంది. చిన్నప్పటి నుంచీ దానికి ఎప్పుడు పొలమారినా నా చెయ్యి దాని నెత్తి మీదకు దానంతటదే పోయేది. ఆ రోజు నా చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.